పుస్తకం బొమ్మలకు ఫోటోషాప్‌లో రంగులు: స్కానింగ్ నుంచి ప్లేటు దాకా

నల్ల ఇంకుతో గీసిన బొమ్మను స్కాన్ చేసి, ఫోటోషాప్‌లో రంగులు నింపి, ఆఫ్‌సెట్ ప్రెస్‌కు ఇచ్చేదాకా ఏ పని ఏ వరసలో చేయాలో చూద్దాం. పిల్లల కథల పుస్తకమైనా, పాఠ్యపుస్తకంలో బొమ్మ అయినా, పత్రిక ముఖచిత్రమైనా పద్ధతి ఇదే. తెర మీద రంగు వెలుగుతో పుడుతుంది. కాగితం మీద సియాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్ అనే నాలుగు ఇంకుల చుక్కలతో పుడుతుంది. తెర ఎంత ఖరీదైనదైనా ఇంకును చూపించలేదు, ఇంకు శాతాన్ని మాత్రమే చెప్పగలదు. అందుకే ఇక్కడ ప్రతి రంగునూ ఈ నాలుగు ఇంకుల శాతాలుగా, సి, ఎం, వై, కె (కె అంటే బ్లాక్) అంకెల్లోనే చెప్తున్నాం. మీరూ అలాగే ఆలోచించడం అలవాటు చేసుకోండి.

బొమ్మ ముట్టుకోకముందే ప్రెస్‌ను అడగండి

ఏ కాగితం మీద అచ్చు వేస్తారు? ఏ కలర్ ప్రొఫైల్ (ఆ కాగితం మీద ఆ ఇంకులు ఎలా కనిపిస్తాయో చెప్పే ఫైలు) వాడతారు? మొత్తం ఇంకు ఎంత శాతం దాటకూడదు? బ్లీడ్ (కటింగ్ కోసం పేజీ అంచు దాటించి వేసే అదనపు రంగు) ఎంత వదలాలి? ఈ నాలుగూ ఫోన్‌లోనే తేలిపోతాయి. చాలా ప్రెస్సుల్లో కాగితం, బ్లీడ్ వెంటనే చెప్తారు, ప్రొఫైల్ దగ్గర ఆగిపోతారు. అప్పుడు ఆర్ట్ పేపర్‌కు (పూత ఉన్న నునుపు కాగితం) కోటెడ్ ఫోగ్రా 39, మ్యాప్‌లితోకు (పూత లేని కాగితం) అన్‌కోటెడ్ ఫోగ్రా 29 పెట్టుకోండి. రెండూ ఫోటోషాప్‌తోనే వస్తాయి. కంట్రోల్+షిఫ్ట్+కె నొక్కితే కలర్ సెట్టింగ్స్ తెరుచుకుంటుంది. అక్కడ వర్కింగ్ స్పేసెస్ కింద సీఎంవైకే వరసలో ఎంచుకోవాలి. ఏమీ మార్చకుండా వదిలేస్తే చాలా కంప్యూటర్లలో అమెరికా వెబ్ ప్రెస్‌ల (చుట్టల కాగితం మీద అచ్చు వేసే ప్రెస్‌ల) కోసం చేసిన స్వాప్ వీ2 ప్రొఫైలే ఉంటుంది.

మొత్తం ఇంకు అంటే ఒకే చోట పడే నాలుగు శాతాల కూడిక. ఆర్ట్ పేపర్‌కు 300, మ్యాప్‌లితోకు 260–280, న్యూస్‌ప్రింట్‌కు 240 దాటకుండా చూసుకుంటే ఎక్కడైనా ఇబ్బంది ఉండదు. దాటితే ఇంకు ఆరదు. ఒక షీటు మీది ఇంకు పైషీటు వెనక్కి అంటుకుంటుంది, ముదురు భాగాల్లో వివరాలు కలిసిపోయి ముద్దలా కనిపిస్తాయి.

ఫైలు కొలతలు

ఎ4 పేజీ అయితే నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ కలిపి 216 × 303 మిల్లీమీటర్లు. 600 డీపీఐలో (అంగుళానికి 600 పిక్సెళ్లు) అది 5102 × 7157 పిక్సెళ్లు. రంగుకు 300 డీపీఐ సరిపోతుంది, ఎందుకంటే 150 లైన్ల స్క్రీన్‌కు (అంగుళానికి 150 ఇంకు చుక్కల వరసలు) రెట్టింపు ఉంటే చాలు. గీతకు చాలదు. 300లో నల్లగీత అంచు పళ్లు పళ్లుగా కనిపిస్తుంది. గీత, రంగు ఒకే ఫైల్లో ఉంచుకునేవాళ్లకు 600 మంచి మధ్యేమార్గం. ఫైలు బరువవుతుంది, భరించాలి. ముఖాలు, చేతులు, పేజీ నంబరు లాంటివి కటింగ్ అంచుకు కనీసం 5 మిల్లీమీటర్లు లోపలే ఉంచండి. కటింగ్ మిషన్ మీద కాగితాల దొంతర కొంచెమైనా జరుగుతుంది.

గీతను శుభ్రం చేయడం

1. బొమ్మను 600 డీపీఐ గ్రేస్కేల్‌లో స్కాన్ చేయండి. కింద లేత నీలం పెన్సిల్‌తో స్కెచ్ ఉంటే మాత్రం కలర్‌లో స్కాన్ చేసి, ఛానెల్స్ ప్యానెల్‌లో బ్లూ ఛానెల్ ఒక్కటే తీసుకోండి. నీలం పెన్సిల్ అందులో దాదాపు మాయమవుతుంది, నల్ల ఇంకు చెక్కుచెదరదు.

2. ఇమేజ్ మెనూలో అడ్జస్ట్‌మెంట్స్, అందులో థ్రెషోల్డ్. ఇది ప్రతి పిక్సెల్‌నూ పూర్తి నలుపో, పూర్తి తెలుపో చేస్తుంది. మొదట 128 దగ్గర ఉంటుంది. సన్నగీతలు తెగుతుంటే 150–170 వైపు పెంచండి, గీత లావెక్కుతుంది. మరీ పెంచితే కాగితం గరుకు కూడా నల్లచుక్కలై తేలుతుంది.

3. వంద శాతం జూమ్‌లో పేజీ అంతా తిరుగుతూ చుక్కలు, వేలిముద్రలు తుడిచేయండి. తర్వాత రంగులు నింపేటప్పుడు ఒక్కో చుక్క చుట్టూ ఒక్కో తెల్లమచ్చ మిగులుతుంది కాబట్టి, ఇక్కడ పెట్టిన అరగంట వృథా కాదు.

నల్లగీతను నల్ల ఇంకులోనే ఉంచడం

అచ్చులో చెడిపోయిన బొమ్మల్లో ఎక్కువ భాగం ఇక్కడే చెడిపోతాయి. గ్రేస్కేల్ ఫైలును మోడ్ మెనూ నుంచి నేరుగా సీఎంవైకేకి మార్చారనుకోండి. ఫోటోషాప్ నలుపును నాలుగు ఇంకులకూ పంచుతుంది. ఆర్‌జీబీలో (తెర వెలుగుల రంగు పద్ధతిలో) వేసిన నలుపుకూ అదే గతి. స్వాప్ వీ2లో అది సి75 ఎం68 వై67 కె90 అవుతుంది. కూడితే సరిగ్గా 300. తెర మీద చూడ్డానికి చక్కటి నలుపే. ప్రెస్‌లో మాత్రం అర మిల్లీమీటరు గీతను నాలుగు ప్లేట్లు (ఇంకుకు ఒకటి చొప్పున) ఒకదానిమీద ఒకటి కచ్చితంగా అచ్చు వేయాలి. వెంట్రుకవాసి రిజిస్టర్ (ప్లేట్ల పొందిక) తప్పినా గీత పక్కన ఒకవైపు గులాబీ, మరోవైపు నీలం నీడ వస్తుంది. పిల్లల పుస్తకాల్లో కళ్లు మసకబారినట్టు కనిపించే బొమ్మలన్నిటికీ రోగం ఇదే.

కాబట్టి గీత కె100 మాత్రమే కావాలి. దానికి దారి ఇది.

1. పైన చెప్పిన కొలతలతో, ఎంచుకున్న ప్రొఫైల్‌తో కొత్త సీఎంవైకే ఫైలు తెరవండి.

2. శుభ్రం చేసిన గ్రేస్కేల్ బొమ్మను కంట్రోల్+ఎ, కంట్రోల్+సితో కాపీ చేయండి.

3. కొత్త ఫైల్లో ఛానెల్స్ ప్యానెల్‌కు వెళ్లి, కొత్త ఆల్ఫా ఛానెల్ (సెలెక్షన్ దాచుకునే ఛానెల్) తయారుచేసి, అందులో పేస్ట్ చేయండి.

4. కంట్రోల్ పట్టుకుని ఆ ఛానెల్ మీద నొక్కితే తెల్లభాగం సెలెక్ట్ అవుతుంది. కంట్రోల్+షిఫ్ట్+ఐతో తిప్పితే గీతలే మిగులుతాయి.

5. లేయర్స్ ప్యానెల్‌కు వచ్చి కొత్త లేయర్ తీసుకోండి, "గీత" అని పేరు పెట్టండి. ఫోర్‌గ్రౌండ్ రంగులో సి0 ఎం0 వై0 కె100 చేత్తో టైప్ చేసి ఆల్ట్+బ్యాక్‌స్పేస్ నొక్కండి. ఇక్కడ డి కీ నొక్కి నలుపు తెచ్చుకోకండి. సీఎంవైకే ఫైల్లో కూడా డి కీ నాలుగు ఇంకుల నలుపునే ఇస్తుంది.

6. ఆ లేయర్‌ను మల్టిప్లై మోడ్‌లో పెట్టి, తాళం వేసేయండి.

మల్టిప్లై ఎందుకంటే, సీఎంవైకే ఫైల్లో కె100 గీత కింద ఉన్న సి, ఎం, వై శాతాలు అప్పుడు అలాగే ఉండిపోతాయి. గీత కింద రంగు కొనసాగుతుంది కాబట్టి రిజిస్టర్ కొంచెం తప్పినా తెల్లసందు రాదు. సరిగా వచ్చిందో లేదో తేల్చుకోవాలంటే ఛానెల్స్‌లో సియాన్ ఒక్కదాన్నే చూడండి. గీత ఆకారం అక్కడ కనిపించకూడదు. కనిపిస్తే మళ్లీ మొదటి అంకె నుంచి రండి.

ఇక ఈ ఫైలును ఆర్‌జీబీకి తిప్పి, ఫిల్టర్ వేసి, మళ్లీ సీఎంవైకేకి తేవద్దు. ఒక్కసారి అలా తిరిగొస్తే కె100 పోతుంది. ఒక సీఎంవైకే ప్రొఫైల్ నుంచి ఇంకో దానికి కన్వర్ట్ చేసినా అంతే. ప్రొఫైల్ మార్చక తప్పకపోతే అసైన్ ప్రొఫైల్ వాడండి. అంకెలు కదలవు, తెర మీద కనిపించే తీరు మాత్రమే మారుతుంది. తర్వాత రంగుల్ని చేత్తో సర్దుకోవచ్చు.

రంగుల పట్టీ తయారుచేయడం

కలర్ పికర్‌లో కంటికి నచ్చిన చోట నొక్కి రంగు వేయడం మానేయండి. పుస్తకం మొత్తానికీ సరిపోయే 20–25 రంగుల్ని ముందే అంకెలతో స్వాచెస్ ప్యానెల్‌లో దాచుకోండి. అమ్మాయి పరికిణీ మొదటి పేజీలో ఒక రంగు, పదో పేజీలో ఇంకో రంగు కాకుండా ఉంటుంది. ఆర్ట్ పేపర్ మీద నమ్మకంగా వాడుకోదగ్గ కొన్ని మిశ్రమాలు ఇవి:

- పసుపు: ఎం20 వై95
- కుంకుమ: సి10 ఎం100 వై95
- సింధూరం: ఎం80 వై95
- కనకాంబరం: ఎం50 వై65
- వరిపైరు: సి50 వై95
- మామిడాకు: సి75 ఎం25 వై100 కె10
- ఆకాశం: సి45 ఎం8
- ఎర్రమట్టి: సి20 ఎం65 వై80 కె5
- వంకాయ: సి70 ఎం90 వై30 కె10
- చామనఛాయ ఒళ్లు: సి20 ఎం48 వై58

ఒంటి రంగు దగ్గర కాస్త ఆగాలి. వై ఎప్పుడూ ఎం కన్నా కొంచెం ఎక్కువ ఉండాలి. ఎం పైచేయి అయితే మనిషి ఎండదెబ్బ తిన్నట్టు కనిపిస్తాడు. సి అనేది ఎంలో మూడో వంతు నుంచి సగం దాకా ఉంటే మన ఛాయలు వస్తాయి, అయిదో వంతుకు తగ్గితే తెల్లదొర ఛాయ వస్తుంది. ముదురు ఛాయకు సి ఆ సగాన్ని కాస్త దాటాలి, సి35 ఎం60 వై70 కె10 బాగుంటుంది. లేత, మధ్యస్థ ఛాయల్లో కె కలపొద్దు. బుగ్గల మీద బూడిద రాసినట్టు మురికిగా వస్తుంది. ఒళ్లు ముదురు చేయాలంటే ముందు సి పెంచండి. మన ఊరి పిల్లలను దిగుమతి బొమ్మల ఛాయలో అచ్చు వేయాల్సిన పని లేదు. చామనఛాయ, నలుపు అందంగా అచ్చువేయడం ఈ ఇంకులకు పూర్తిగా సాధ్యమే.

నీలం ఇంకో ఉచ్చు. తెర మీద నీలంగా కనిపించే సి100 ఎం100 కాగితం మీద ఊదా అవుతుంది. సి, ఎం మధ్య కనీసం 30 శాతం తేడా ఉంచండి. సి100 ఎం65 నీలంగానే నిలుస్తుంది. మెరిసే రామచిలుక ఆకుపచ్చ, నెమలికంఠం నీలం, మొబైల్ తెరల మీద కనిపించే గులాబీ నాలుగు ఇంకుల్లో దొరకవు. కాగితం మీద ఆకుపచ్చ మెరవాలంటే దాని పక్కన ఎరుపో, ముదురు మట్టి రంగో పెట్టండి, దాని పక్కన అదే పచ్చ వెలుగుతుంది. అంతకీ ఆ రంగే కావాలంటే స్పాట్ కలర్‌కు (విడిగా కలిపిన ఇంకుకు) అయిదో ప్లేటు, దానికి వేరే ఖర్చు.

బూడిద రంగు సమాన శాతాలతో రాదు. సి40 ఎం40 వై40 గోధుమరంగులోకి తిరుగుతుంది. సి40 ఎం32 వై32 వాడండి, లేదా నేరుగా కె40 వేసుకోండి. 5 శాతం కన్నా తక్కువ చుక్కల్ని నమ్ముకోవద్దు. ఒక రన్‌లో వస్తాయి, ఇంకో రన్‌లో ఎగిరిపోతాయి.

పుస్తకం మ్యాప్‌లితో మీద అయితే ఇదే పట్టీని లేత చేసుకోవాలి. పూత లేని కాగితం ఇంకును పీలుస్తుంది, ప్రతి చుక్కా వ్యాపిస్తుంది. 50 శాతం వేసింది 70 దాటినట్టు కనిపించడం మామూలే. మధ్యస్థ రంగులన్నిటిలో 8–10 శాతం తగ్గించండి. నిండు ఎరుపు, నిండు పసుపు లాంటి వాటిని అలాగే ఉంచండి. అవి తగ్గిస్తే వెలిసిపోయినట్టుంటాయి.

రంగులు నింపడం

"గీత" లేయర్ కింద "ఫ్లాట్స్" అనే లేయర్ తెరవండి. నీడలు, వెలుగులు లేకుండా ఒక్కో ఆకారానికి ఒక్కో రంగు మాత్రమే ఇందులో పడుతుంది.

1. మ్యాజిక్ వాండ్ తీసుకుని టాలరెన్స్ 0, కంటిగ్యుయస్, శాంపిల్ ఆల్ లేయర్స్ పెట్టండి. యాంటీ అలియాస్ తీసేయండి. తీయకపోతే రెండు రంగుల మధ్య మిశ్రమ పిక్సెళ్ల అంచు పుట్టుకొస్తుంది. తర్వాత ఆ రంగును మళ్లీ సెలెక్ట్ చేయబోతే అంచు విడిగా మిగిలిపోతుంది.

2. గీతల మధ్య ఖాళీని నొక్కండి. సెలెక్షన్ పక్క ఆకారంలోకి కారిపోతే గీత ఎక్కడో తెగి ఉంది. వేరే లేయర్‌లో పెన్సిల్ టూల్‌తో ఒక్క పిక్సెల్ గీత గీసి ఆ సందు మూయండి. చివర్లో ఆ లేయర్ తీసేయవచ్చు. గీసినవాళ్ల గీతలో సందు అందంగా ఉంటే దాన్ని శాశ్వతంగా పూడ్చకండి.

3. సెలెక్ట్ మెనూలో మాడిఫై, ఎక్స్‌పాండ్, 3 లేదా 4 పిక్సెళ్లు. 600 డీపీఐలో 4 పిక్సెళ్లంటే సుమారు 0.17 మిల్లీమీటర్లు. రంగు నల్లగీత కింద సగందాకా జరుగుతుంది. అవతలి రంగు అటునుంచి వచ్చి కలుస్తుంది. గీత 0.3 మిల్లీమీటర్ల కన్నా సన్నమైతే 2 పిక్సెళ్లే పెంచండి, లేకపోతే రంగు గీత దాటి బయటపడుతుంది.

4. ఫ్లాట్స్ లేయర్ మీద ఉండి, స్వాచ్ ఎంచుకుని ఆల్ట్+బ్యాక్‌స్పేస్. చేత్తో సరిచేయాల్సిన చోట్ల బ్రష్ కాకుండా పెన్సిల్ టూల్ వాడండి.

పెద్ద ఆకారాలతో మొదలుపెట్టండి: ఆకాశం, నేల, ఇల్లు, తర్వాత మనుషులు, చివరికి గాజులు, పూలు. అంచుల్లో రంగు బ్లీడ్ చివరిదాకా వెళ్లిందో లేదో ఇప్పుడే చూసుకోండి.

నల్లగీత లేకుండా రెండు రంగులు నేరుగా తగిలే చోట ఇంకో జాగ్రత్త. ఆ రెండు రంగుల్లో కనీసం ఒక ఇంకు ఉమ్మడిగా 20–30 శాతం ఉండేలా చూడండి. సి50 వై95 పొలం పక్కన ఎం20 వై95 ఆవపూలు ఉంటే రెండింట్లోనూ వై ఉంది. సియాన్ ప్లేటు జరిగినా మధ్యలో తెల్లకాగితం బయటపడదు, పసుపే కనిపిస్తుంది. అదే ఒట్టి మెజెంటా పక్కన ఒట్టి సియాన్ పెడితే తెల్లగీత దాదాపు ఖాయం.

నీడలు, వెలుగులు

ఫ్లాట్స్ మీద నేరుగా నీడ వేయకండి. పైన కొత్త లేయర్ తెరిచి మల్టిప్లైలో పెట్టండి. ఫ్లాట్స్‌లో వాండ్‌తో ఒంటిరంగును సెలెక్ట్ చేసుకుని, పై లేయర్‌కు వచ్చి ఆ సెలెక్షన్ లోపల బ్రష్ వేయండి. నీడ రంగు సి20 ఎం25 వై10 అనుకుంటే, చామనఛాయ మీద అది దాదాపు సి36 ఎం61 వై62 అవుతుంది. శాతాలు నేరుగా కూడవు. మిగిలిన తెలుపులో ఆ వంతు తీసుకుంటాయి. కూడిక 159, ఏ కాగితానికైనా హాయిగా సరిపోతుంది. అదే నీడను మామిడాకు మీద, దానిపై ఇంకో నీడ లేయర్ వేస్తూ పోతే లెక్క త్వరగా 250 దాటుతుంది.

అందుకే ఇన్ఫో ప్యానెల్ ఆప్షన్స్‌లో రెండో రీడింగును టోటల్ ఇంక్‌గా మార్చుకోండి. ఐడ్రాపర్ శాంపిల్ 3 × 3 పెట్టి ముదురు చోట్ల తిప్పితే కూడిక కనిపిస్తుంది. హద్దు దాటిన చోట సెలెక్టివ్ కలర్ అడ్జస్ట్‌మెంట్ వేసి, బ్లాక్స్ ఎంచుకుని సి, ఎం, వైలను తగ్గించండి. సన్న నల్లగీత ఆకుపచ్చ మీద పడి 300 చేరినా కంగారు అక్కర్లేదు. వేలెడు వెడల్పున్న మచ్చలు దాటితేనే ఇంకు ఆరదు. ఈ సర్దుబాటు "గీత" లేయర్ కిందే ఉండాలి.

రాత్రి ఆకాశం, నల్లటి జుట్టు, గేదె లాంటి పెద్ద నలుపులకు ఒట్టి కె100 చాలదు. బూడిదగా, సూదిమొనంత తెల్లచుక్కలతో వస్తుంది. వాటి కింద ఫ్లాట్స్‌లో సి40 వేయండి, లేదా సి50 ఎం40 వై40 వేయండి, పైన కె100తో 230 అవుతుంది. ఆకారమంతా ఒకే మిశ్రమం ఉండాలి. గేదె కింద సగం గడ్డి, సగం చెరువు రంగు పరుచుకుని ఉంటే నలుపులోంచి ఆ రెండూ వేర్వేరుగా తొంగిచూస్తాయి. ఈ అడుగు రంగును నలుపు అంచుకు 4 పిక్సెళ్లు లోపలే ఆపండి.

అక్షరాలు

తెలుగు అక్షరాలను ఫోటోషాప్‌లో వేయకండి. బొమ్మతో కలిపి పిక్సెళ్లు చేస్తే ఒత్తులు, వట్రసుడులు మొద్దుబారతాయి. ఇన్‌డిజైన్‌లో బొమ్మ పెట్టి, పైన కె100లో అక్షరాలు వేయండి. యూనికోడ్ ఫాంట్లకు పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో అడోబ్ వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోతాయి. ముదురు రంగు మీద తెల్లక్షరాలు కావాలంటే లావు ఫాంటు, పిల్లల పుస్తకంలో 14 పాయింట్లకు తగ్గకుండా పెట్టండి. నాలుగు ఇంకులు కలిసిన నేపథ్యంలో చిన్న తెల్లక్షరం లోపలి గుండ్రాలు ఇంకుతో పూడిపోతాయి. థ, ధ, ద మధ్య తేడా చదివేవాళ్లకు తెలియాలి కదా.

ప్రెస్‌కు పంపడం

లేయర్లున్న పీఎస్‌డీ మీ దగ్గర ఉంచుకోండి. కాపీని ఫ్లాటెన్ చేసి, ప్రొఫైల్ జతచేసి, ఎల్‌జడ్‌డబ్ల్యూ కంప్రెషన్‌తో టిఫ్‌గా దాచండి. జేపెగ్ వద్దు. గీతల అంచుల చుట్టూ దుమ్ములాంటి మచ్చలు పడతాయి. టిఫ్‌ను ఇన్‌డిజైన్‌లో పెట్టి, ప్రెస్ ఏది అడిగితే అది, పీడీఎఫ్/ఎక్స్-1ఎ లేదా పీడీఎఫ్/ఎక్స్-4, బ్లీడ్‌తో ఎక్స్‌పోర్ట్ చేయండి. ఎక్స్‌పోర్ట్‌లో అవుట్‌పుట్ పేజీలో నంబర్లు మార్చని ప్రిజర్వ్ నంబర్స్ ఆప్షన్ ఉంచండి. వాట్సాప్‌లో పంపాల్సొస్తే ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గానే పంపండి.

పంపేముందు అక్రోబాట్ ప్రోలో అవుట్‌పుట్ ప్రివ్యూ తెరిచి రెండు పనులు చేయండి. మొదట సి, ఎం, వై ప్లేట్లను ఆపేసి బ్లాక్ ఒక్కటే చూడండి. గీతలు, అక్షరాలు పూర్తిగా అందులోనే కనిపించాలి. తర్వాత బ్లాక్‌ను ఆపి మిగతా మూడు చూడండి. నల్ల అక్షరం ఒక్కటి కూడా మిగలకూడదు. ఆపై టోటల్ ఏరియా కవరేజ్ టిక్ చేసి, ప్రెస్ చెప్పిన శాతం ఇస్తే దాటిన చోట్లన్నీ రంగుతో వెలుగుతాయి.

ప్రూఫ్ (అచ్చుకు ముందు తీసే నమూనా) అడిగి తీసుకోండి. ఆఫీసు లేజర్ ప్రింటర్ కాపీ రంగుకు ప్రూఫ్ కాదు, అక్షరదోషాలు చూసుకోవడానికే పనికొస్తుంది. ప్రెస్ ప్రొఫైల్‌తో తీసిన ఇంక్‌జెట్ ప్రూఫ్‌ను పగటి వెలుతురులో, ట్యూబ్‌లైటుకు దూరంగా చూడండి. అచ్చు రోజున వెళ్లగలిగితే మెషిన్ దగ్గర ముందు భూతద్దంతో రిజిస్టర్ మార్కులు చూసి, తర్వాతే రంగు గురించి మాట్లాడండి. రిజిస్టర్ కుదరకముందు రంగు మార్పించడం వృథా. షీటు ప్రయాణించే దిశలో ఒకే వరసలో ఉన్న పేజీలన్నిటికీ ఇంకు కలిసే పెరుగుతుంది, తగ్గుతుంది. ఒక పేజీలో ఎరుపు పెంచమని అడిగేముందు అదే వరసలో ఉన్న పేజీలో ముఖాలున్నాయేమో చూసుకుని, రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆపరేటర్‌తో ఒప్పందానికి రండి. ఒప్పుకున్న షీటు మీద సంతకం, తేదీ వేసి మెషిన్ దగ్గర ఒకటి వదిలి, ఒకటి ఇంటికి తెచ్చుకోండి. రెండో ముద్రణకు అదే ఆధారం.